జాతరకు చాటింపు ఉంది, మీటింగుకు ఎందుకు లేదు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తిరుపతిలో పదహారేళ్లుగా చిన్న జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. పొద్దున్నే షట్టర్ ఎత్తి, మిషన్ వేడెక్కేలోపు మీ పేపరు తిరగేస్తాను, జిల్లా పేజీలైతే చివరి లైను దాకా వదలను. ఈ ఉత్తరం చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను. మన ఊళ్లో జనం కోసం పెట్టే మీటింగులు, విచారణలు, అభ్యంతరాల గడువులు, వైద్య శిబిరాలు, సంగీత కచేరీలు అన్నీ జరిగిపోయిన మర్నాడు ఫొటోతో సహా పేపర్లో వస్తున్నాయి. 'కౌన్సిల్ ఆమోదించింది', 'సదస్సు ముగిసింది', 'శిబిరానికి విశేష స్పందన'. చదివి అయ్యో అనుకోవడం తప్ప అప్పటికి చేసేదేం ఉండదు. జరగబోయే ముందు వార్త రావడం తక్కువ, వచ్చినా ఏ మూలో రెండు లైన్లు, అందులో టైము ఉంటే చోటు ఉండదు, చోటు ఉంటే టైము ఉండదు. అందుకే అడుగుతున్నాను, వారానికి ఒక్క రోజు, శనివారమో ఆదివారమో, 'ఈ వారం ఊళ్లో' అని ఒక అర కాలమ్ ఇవ్వండి. ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

రెండేళ్ల కిందట ఎండాకాలం మధ్యాహ్నం ఒకాయన షాపుకొచ్చి ఒక కాగితం ఇచ్చి రెండు కాపీలు తీయమన్నాడు. రోజుకు వందల కాగితాలు నా చేతుల మీదుగా పోతాయి, ఏదీ చదవను, చదవకూడదు కూడా, మనుషుల ఆస్తుల గొడవలు, ఆసుపత్రి రిపోర్టులు ఉంటాయి వాటిలో. కానీ ఆ కాపీ ట్రేలోకి వచ్చి పడినప్పుడు అందులో మా వీధి పేరు కనిపించింది. కాగితం ఇంకా వేడిగా ఉంది. మా వీధి చివర ఉన్న ఖాళీ స్థలం, పిల్లలు సాయంత్రం క్రికెట్ ఆడుకునే చోటు, దాన్ని చెత్త బండ్లు నిలపడానికి కేటాయించే ప్రతిపాదన అది. అభ్యంతరాలు ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలని ఉంది. కింద తేదీ చూశాను. గడువు అయిపోయి అప్పటికి ఆరు రోజులు.

సాయంత్రం ఇంటికి పోయి వీధిలో ఇంటింటికీ అడిగాను. పాతికిళ్లలో ఒక్కరికీ తెలీదు. మర్నాడు షాపు మా తమ్ముడికి అప్పజెప్పి ఆ ఆఫీసుకు పోయాను (ఏ ఆఫీసో ఇక్కడ రాయను, ఒక ఆఫీసు మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది). అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. 'నోటీసు బోర్డులో పెట్టాం కదన్నా, ఎవురూ రాలేదు, అభ్యంతరాల్లేవని ఫైలు పోయింది' అన్నాడు. బోర్డు ఎక్కడుందని అడిగితే వరండా చివరకు తీసుకుపోయి చూపించాడు. అద్దం తలుపున్న బోర్డు, దానికి తాళం, ముందు విరిగిన కుర్చీలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కుర్చీల సందులోంచి వంగి చూస్తే మా వీధి నోటీసు కనిపించింది. అక్కడే ఉంది, నిజమే, ఆయన అబద్ధం చెప్పలేదు.

ముందే తెలిసుంటే మేం ఆ స్థలం ఇవ్వొద్దని గొడవ చేసేవాళ్లమని అనుకోకండి. చెత్త బండ్లు ఎక్కడో ఒక చోట నిలపాలి, ఊరంతటికీ పనికొచ్చే పని అది, మా వీధికి వద్దంటే ఇంకో వీధిలో పెడతారు. మేం అడగాల్సింది ఒక్కటే ఉండింది, గేటు తూర్పు వైపు పెట్టమని. పడమటి వైపు ఎదురుగా అంగన్‌వాడీ ఉంది. గడువులోపల ఒక అర్జీ ఇచ్చుంటే, నాలుగు సంతకాలు పెట్టుంటే, పైసా ఖర్చు లేకుండా కాగితం మీదే మారిపోయేది. ఇప్పుడు గేటు పడమట ఉంది. రోజూ ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా బండ్లు రివర్స్‌లో వస్తుంటే అంగన్‌వాడీ ఆయా రోడ్డు మధ్యలో నిలబడి ఒక చెయ్యి బండి వైపు చాపి, ఇంకో చేత్తో పిల్లల్ని గోడవారగా తోస్తూ ఉంటుంది. నేను షాపుకు పోయేది ఆ దారినే. రోజూ చూస్తాను. గోడ కట్టేశాక గేటు మార్చాలంటే మళ్లీ ఎస్టిమేటు, మళ్లీ మంజూరు, మళ్లీ టెండరు అంటున్నారు. మూడు అర్జీలు ఇచ్చాం, నాలుగోది కూడా ఇస్తాం.

ఇక సోమవారాల సంగతి. సోమవారం నా షాపు తెల్లారి ఏడుకే తెరవాలి, ఎందుకంటే అర్జీలు టైపు చేయించుకునేవాళ్లు వస్తారు. సోమవారం సోమవారం అధికారులు కూర్చుని జనం దగ్గర అర్జీలు తీసుకునే ఈ కార్యక్రమానికి పేర్లు మారుతూ వచ్చాయి, ప్రజావాణి అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు, జనం మాత్రం 'సోమవారం గ్రీవెన్స్' అనే అంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పటి నుంచి సత్యవేడు, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు వాళ్లు కూడా ఇక్కడికే వస్తున్నారు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్లు. పోయిన ఏడాది సత్యవేడు వైపు నుంచి ఒకావిడ వచ్చింది, అరవై దాటి ఉంటాయి, పొలం కొలతల్లో తేడా వచ్చిందని పాసుపుస్తకం చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. అర్జీ టైపు చేసి ఇచ్చాను. గంటలో తిరిగొచ్చింది. ఆ ఆఫీసులో ఆ రోజు అర్జీలు తీసుకోవడం రద్దయిందట, అధికారులంతా వేరే పనిలో ఉన్నారట, గేటు దగ్గర ఒక కాగితం అంటించారట. ఆమెకు చదువు రాదు, వాచ్‌మన్ చెబితే తెలిసింది. 'ముందే చెప్పింటే ఈ పొద్దు కూలన్నా పోగొట్టుకోకుండా ఉంటి కదా సామీ' అంది. ఆ రోజు రద్దు సంగతి ఆదివారం రాత్రే వాట్సాప్‌లో తిరిగిందని తర్వాత ఎవరో చెప్పారు. ఆవిడ చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఆదివారం పేపర్లో ఒక్క ముక్క పడుంటే వాళ్లూరి టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు చదివి చెప్పేవాళ్లు. పేపరు అట్లాంటిది, కొనేది ఒకరైతే వినేది పదిమంది.

మన ఊరికి ముందుగా చెప్పడం చేతకాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఊరంతటికీ ఎట్లా చెప్పాలో తిరుపతికి తెలిసినంతగా ఏ ఊరికీ తెలీదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర మేలో వస్తుంది, వారం రోజులు. అది మొదలయ్యేదే చాటింపుతో. మంగళవారం రాత్రి ఊరి పొలిమేరల్లో చాటింపు వేస్తారు, అమ్మ జాతర వచ్చింది, జాతర అయ్యేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటి పోకూడదు అని. అంతే, ఇంక తెలీదనే మనిషి ఉండడు. భక్తులు రోజుకో వేషం కడతారు, ఏ రోజు బైరాగి వేషం, ఏ రోజు బండ వేషం, తోటి వేషం ఎప్పుడు, దొర వేషం ఎప్పుడు, మాతంగి ఎప్పుడు, సున్నపు కుండలు ఎప్పుడు, మా ఇంట్లో ఏడేళ్ల పిల్ల కూడా వరసగా చెబుతుంది. అవిలాల నుంచి సారె ఎప్పుడు వస్తుందో, తిరుమల నుంచి సారె ఎప్పుడు వస్తుందో, గంగమ్మ వేంకటేశ్వరుడికి చెల్లెలు కాబట్టి ఆ సారె కోసం ఎవరు ఎక్కడ నిలబడాలో అందరికీ తెలుసు. బ్రహ్మోత్సవాలూ అంతే. కోదండరామస్వామికి, గోవిందరాజస్వామికి, కపిలతీర్థంలో శివరాత్రికి, తిరుచానూరు అమ్మవారికి కార్తీకంలో, ఏ రోజు ఏ వాహనమో ముందే పట్టిక వేసి ఇస్తారు, మీరు దాన్ని చక్కగా గళ్లు కట్టి వేస్తారు, మా అమ్మ కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకుంటుంది. పంచమి తీర్థం రోజు ఏ రోడ్డు మూస్తారో, బండ్లు ఎక్కడ నిలపాలో మ్యాపు కూడా వేస్తారు. అంత పని చేయగలిగిన పేపరుకు, అంత పని చేయగలిగిన ఊరికి, కౌన్సిల్ మీటింగు తేదీ, అందులో మాట్లాడే విషయాలు నాలుగు లైన్లలో చెప్పడం కష్టమైన పనేమీ కాదు.

ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ వస్తే 30వ తేదీలోపు ఏడాది ఇంటి పన్ను మొత్తం కడితే ఐదు శాతం రాయితీ అని వీధి వీధికీ తెలుస్తుంది. మైకులో చెబుతారు, మీరూ రాస్తారు, మా వీధిలో సగం మంది ఆ నెలలోనే కట్టేస్తారు. నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం అని కూడా ఇప్పుడు అందరికీ తెలుసు. చెబితే జనం వస్తారు, చెబితే జనం కడతారు. ఆ పన్ను డబ్బు ఎట్లా ఖర్చు పెట్టాలో తేల్చే బడ్జెట్ సమావేశం ఎప్పుడో కూడా అదే మైకులో చెప్పొచ్చు. రోజూ పొద్దున చెత్త బండి మైకు పెట్టుకుని ప్రతి ఇంటి ముందుకూ వస్తుంది, ఈ ఊళ్లో ప్రతి గడప ముందు ఆగే బండి అదొక్కటే.

మనకు కౌన్సిల్‌కు పోయి కూర్చునే అలవాటు లేకపోవడానికి ఒక కారణం ఉంది, అది కూడా చెప్పాలి. తిరుపతి మున్సిపాలిటీ 1886 నాటిది, నూట నలభై ఏళ్ల చరిత్ర. 2007 మార్చిలో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్‌కు మొదటి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో పద్నాలుగేళ్లు. 2007లో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చేదాకా ఈ ఊరికి ఎన్నికైన కార్పొరేషన్ కౌన్సిల్ అనేదే లేదు, ప్రత్యేకాధికారుల పాలన. ఒక తరం మొత్తానికి కార్పొరేటర్ అంటే ఎవరు, అజెండా అంటే ఏమిటి, కౌన్సిల్ హాల్లో జనం కూర్చోవచ్చా లేదా అనేదే తెలియకుండా పోయింది. మా నాన్న వయసు వాళ్లు పాత మున్సిపల్ మీటింగుల గురించి చెబుతుంటారు, ఫలానా వార్డు మెంబరు కుళాయి కోసం ఎట్లా పోట్లాడాడు, చైర్మన్ ఏమన్నాడు అని. మా వయసు వాళ్లకు చెప్పుకోవడానికి అట్లాంటివి లేవు. కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా నిర్ణయాలు జరుగుతూనే ఉంటాయి, డబ్బు ఖర్చవుతూనే ఉంటుంది, మనకు తెలియాల్సిన అవసరం రెండింటిలోనూ ఒకటే. 1992లో 74వ రాజ్యాంగ సవరణ తెచ్చి పట్టణాలకు 18 విషయాలు జాబితా వేసి ఇచ్చారు, రోడ్లు, నీళ్లు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు దాకా. మన రోజువారీ బతుకు చాలావరకు ఆ జాబితాలోనే ఉంది.

చట్టం కూడా మన వైపే ఉంది. ఆర్టీఐ దరఖాస్తులు టైపు చేసీ చేసీ నాకు 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ దాదాపు నోటికి వచ్చేసింది. ఎవరూ అడక్కుండానే ఆఫీసులు తమంతట తాము బయటపెట్టాల్సిన 17 అంశాలు అందులో ఉన్నాయి. ఎనిమిదో అంశం చదవండి. ఆ ఆఫీసు కింద ఉన్న బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలు ఏమేమిటి, వాటి సమావేశాలకు జనం రావచ్చా, ఆ సమావేశాల మినిట్స్ జనం చూడొచ్చా అన్నది చెప్పాలి. అదే సెక్షన్‌లో ఇంకొంచెం కిందికి వస్తే, జనానికి తెలియజేయడం అంటే ఏమిటో కూడా వివరించారు, నోటీసు బోర్డులు, వార్తాపత్రికలు, బహిరంగ ప్రకటనలు, రేడియో టీవీ ప్రసారాలు, ఇంటర్నెట్ అని. స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని కూడా ఉంది. అంటే మన గంగమ్మ జాతర చాటింపు లాంటిది చట్టంలోనే ఉందన్నమాట. కుర్చీల వెనక తాళం వేసిన బోర్డు ఒక్కటే సరిపోతుందని ఏ చట్టమూ చెప్పలేదు.

మీ పేపర్లోనే పడే నోటీసుల గురించి కూడా ఒక మాట. భూసేకరణకు 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ రెండు దినపత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి, అభ్యంతరాలకు 60 రోజులు టైము ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీలు, గనుల లాంటి వాటికి పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. మీరూ వేస్తున్నారు. కానీ ఆ ప్రకటన ఎట్లా ఉంటుందో ఒకసారి మామూలు మనిషి కళ్లతో చూడండి. చీమ తలకాయంత అక్షరాలు, 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా' అని మొదలై, సర్వే నంబర్ల మీద సర్వే నంబర్లు, చివరికి ఎక్కడో తేదీ. నా షాపుకు ఆ కటింగులు పట్టుకుని రైతులు వస్తారు, దీన్ని పెద్దది చేసి ఇవ్వన్నా అని. రెండు వందల శాతానికి పెంచి ఇస్తాను, అప్పటికీ అందులో ఏముందో నేనే చదివి చెప్పాలి. ప్రకటన ప్రకటనగానే ఉండనివ్వండి, దాని డబ్బు మీకు వస్తుంది, రావాలి కూడా. కానీ అదే వారం మీ విలేకరి మామూలు తెలుగులో రెండు లైన్లు రాయొచ్చు కదా. ఫలానా ఊళ్లో ఫలానా పనికి భూమి తీసుకోబోతున్నారు, అభ్యంతరం ఉంటే ఫలానా తేదీలోపు ఫలానా ఆఫీసులో ఇవ్వండి. ఆ రెండు లైన్లు చదివిన రైతు నా షాపుకు రావాల్సిన పని కూడా ఉండదు. నాకు పోయేది రెండు రూపాయలు, పోనివ్వండి.

వాట్సాప్ ఉంది కదా, ఇప్పుడు పేపర్లో ఎందుకు అని మా అబ్బాయి అంటాడు. వాట్సాప్‌లో 'రేపు ఉచిత కంటి శిబిరం, అందరికీ షేర్ చేయండి' అని వస్తుంది. ఆ రేపు ఏ రేపు? పోయిన నవంబరులో ముగ్గురు పెద్దవాళ్లు ఆటో మాట్లాడుకుని మా వీధికి వచ్చి ఆ శిబిరం ఎక్కడ అని నన్ను అడిగారు. మెసేజ్ చూపించమంటే చూశాను, దాని మీద తేదీ లేదు, ఆ ఫోన్ నంబరుకు చేస్తే ఆ శిబిరం ముందు సంవత్సరం అయిపోయిందన్నారు. వాళ్లలో ఒకాయనకు ఒక కన్ను పూర్తిగా పొర కమ్మేసి ఉంది. ఇంకో ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. పేపర్లో వచ్చేదానికి పైన తేదీ ఉంటుంది, తప్పు పడితే అడగడానికి ఒక ఆఫీసు ఉంటుంది, అందుకే జనం ఇప్పటికీ పేపర్లో పడిందా అని అడుగుతారు.

కచేరీలు, హరికథలు, పిల్లల పోటీలు, వీటి సంగతి వేగంగా చెప్పేస్తాను. మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో డబ్బు పెట్టి టికెట్ కొనక్కర్లేని కార్యక్రమాలు ఎన్నో జరుగుతాయి. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు, అన్నమయ్య కీర్తనలంటే ప్రాణం, పొద్దున పేపర్లో ముందు రోజు సాయంత్రం కచేరీ ఫొటో చూసి 'ఈడే కదరా, ఆటోకి ముప్పై రూపాయలు' అంటుంది. ఎన్నిసార్లు అందో లెక్క లేదు. ఊరి నిండా సంగీతం ఉంది, పక్కింట్లో ఉన్నంత దగ్గరగా.

కాబట్టి నేను అడిగే అర కాలమ్‌లో ఏముండాలంటే, ఆ వారం కౌన్సిల్ మీటింగు కానీ స్టాండింగ్ కమిటీ కానీ ఉంటే తేదీ, టైము, అజెండాలో పెద్ద విషయాలు రెండో మూడో, మామూలు మాటల్లో. ఏయే నోటీసుల మీద అభ్యంతరాల గడువు ఆ వారం ముగుస్తోందో, ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఇంకేదీ వేయకపోయినా ఇది వేయండి. సోమవారం గ్రీవెన్స్ ఉందా, పండగ వచ్చిందా, రద్దయిందా. తిరుపతి రూరల్ వైపు పంచాయతీల్లో గ్రామసభ ఉంటే ఎక్కడ, ఎన్ని గంటలకు. చుట్టుపక్కల ఊళ్లను నగరంలో కలపాలన్న మాట చాలా రోజులుగా నడుస్తోంది కాబట్టి ఆ ఊళ్లవాళ్లు తమ గ్రామసభలు ఎప్పుడో తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పుడు చాలా ఉంది. జాతీయ లోక్ అదాలత్ ఏడాదికి నాలుగుసార్లు శనివారం పెడతారు, చిన్న చిన్న కేసులు ఏళ్ల తరబడి నెత్తిన మోస్తున్నవాళ్లు మన ఊళ్లో ఎంతమందో, వాళ్లకు వారం ముందు చెప్పండి, ముందు రోజు చెబితే లాయరును పట్టుకోవడానికే టైము చాలదు. ఓటర్ల ముసాయిదా జాబితా వచ్చినప్పుడు పేరు చూసుకోవడానికి చివరి తేదీ. రోడ్డు మూసేది ఉంటే అది. తర్వాత చోటు మిగిలితే కచేరీలు, శిబిరాలు, పోటీలు. ప్రతిదానికీ అడగడానికి ఆఫీసు ఫోన్ నంబరు ఒకటి. టీటీడీ వాళ్లు భక్తులు ఈవోతో నేరుగా ఫోన్లో మాట్లాడే 'డయల్ యువర్ ఈవో' పెట్టినప్పుడు తేదీ, టైము, నంబరు మూడూ కలిపి ముందే ప్రకటిస్తారు, అదే పద్ధతి మిగతా వాటికీ సరిపోతుంది.

వాయిదా పడితే వాయిదా పడిందని కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి. మీటింగు జరుగుతుందని చెప్పడం సగం పని, జరగడం లేదని చెప్పడం మిగతా సగం. సత్యవేడు నుంచి వచ్చిన ఆవిడకు కావాల్సి ఉండింది ఆ రెండో సగమే.

జనం ఎట్లాగూ రారు, ఈ కాలమ్ ఎవరు చదువుతారని మీ ఆఫీసులో ఎవరన్నా అనొచ్చు. దానికి నా దగ్గర చిన్న రుజువు ఉంది. గేటు విషయం జరిగాక నేను షాపు ముందు ఒక నల్లబోర్డు పెట్టాను, మూడడుగులది, పాత ట్యూషన్ సెంటర్ వాళ్లు ఖాళీ చేసి పోతూ వదిలేసిందే. శనివారం సాయంత్రం దాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆ వారం నాకు తెలిసిన తేదీలు సుద్దముక్కతో రాస్తాను. నాకు తెలిసేవి కొన్నే, నోటీసులు జిరాక్స్‌కు వస్తే సంబంధిత మనిషిని అడిగి, వార్డు సచివాలయం అమ్మాయిని అడిగి, గుడి దగ్గర అడిగి, దొరికినంత రాస్తాను. మొదట్లో ఎవరూ ఆగలేదు. తర్వాత టీ తాగేవాళ్లు గ్లాసు పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. ఇప్పుడు శనివారం నేను ఆలస్యం చేస్తే 'ఏందన్నా, ఈ వారం ఏం లేదా' అని అడుగుతారు. పక్క వీధి కాలువ పని మీద అధికారులు చూడడానికి వస్తున్నారని పోయిన నెల రాశాను, మామూలుగా అయితే ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఆ రోజు పద్దెనిమిది మంది వచ్చారు, అందులో పదకొండు మంది ఆడవాళ్లు. కాలువ వాలు వాళ్ల ఇళ్ల వైపు పెడుతున్నారని, వానొస్తే నీళ్లు లోపలికి వస్తాయని ఒకావిడ బిందెడు నీళ్లు తెచ్చి అక్కడే పోసి చూపించింది. నీళ్లు నేరుగా ఆమె గడప వైపు పారాయి. ఇంజనీరు అక్కడికక్కడే కొలతలు మళ్లీ తీయించాడు. ఆయన కూడా సంతోషించాడు, ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, కాంక్రీటు వేశాక అయితే నా మెడకు చుట్టుకునేది అన్నాడు.

నా బోర్డు చదివేది వందమంది, మీ పేపరు చదివేది ఎంతమందో మీకు తెలుసు. మీ విలేకరులు రోజూ ఈ ఆఫీసులన్నీ తిరుగుతారు, అజెండా కాగితాలు వాళ్ల చేతికి ముందే వస్తాయి, అవి జనానికి కూడా ముందే చేరాలి. అధికారులకు కూడా నా మనవి ఇదే, అజెండా సిద్ధమైన రోజే ఒక కాపీ పేపర్లకు పంపండి, ఒక కాపీ వార్డు సచివాలయం బయటి గోడకు అంటించండి, లోపలి గోడకు వద్దు. జిరాక్స్ ఖర్చు భారమైతే మా వార్డు వరకు కాపీలు నేను ఉచితంగా తీసిస్తాను, ఈ మాట రాసి ఇస్తున్నాను.

అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా వేయండి సార్, మా అమ్మ కళ్లద్దాలు లేకుండా చదవగలిగినంత. శనివారం వేస్తే నాకు ఇంకా మేలు, కత్తిరించి నేరుగా బోర్డుకే అంటించేస్తాను.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి.